తోమిన రాగి బిళ్ళ

దా అమ్మా, ఇలా నా పక్కకి వచ్చి కూర్చో. ఆ శాలువా కాళ్ళ మీద కప్పుకో. ఇంకాస్త దగ్గరికి జరుగు, నా గొంతు ఇదివరకట్లా లేదు. ఇది ఢిల్లీలో జరిగిన సంగతి. రెండువేల ఆరు, కార్తీకమాసం. ఆదివారం పౌర్ణమి అనగా ఆ ముందు మంగళవారం మొదలైంది. నాలుగు రోజుల ముచ్చట, అంతే.

ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్లలో, మా కింద రెండో అంతస్తులో, భీమేశ్వరరావు అని ఒక సైంటిస్టు ఉండేవాడు. మనిషి మంచివాడే. మెట్ల మీద ఎదురైతే మన చేతిలో కూరల సంచీ అందుకుని పైదాకా తెచ్చిపెట్టే రకం. ఆ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, చెడ్డవాడు చేసిన పనైతే నీకు చెప్పేదాన్నే కాదు.

ఆయన లాబులో ఒక మంట ఉండేది. మన పొయ్యి మంట కాదు. గాలిలోకి కరెంటు పంపి, అందులోని కణాలు ముక్కలుగా విడిపోయేదాకా కాలిస్తే పుట్టే మంట. ప్లాస్మా అంటారు. ఉత్త కళ్ళతో చూడకూడదు, వెల్డింగు వాళ్ళు పట్టుకునే నల్ల అద్దం అడ్డం పెట్టుకోవాలి. జానెడు పొడుగున ఊదారంగులో బుస్సుమంటూ ఉంటుంది. ఆకాశం నుంచి భూమికి దిగే వాహనాల ముక్కుకి అంతటి వేడి తగులుతుందట. ఆ ముక్కుకి తొడిగే పెంకు ఎంత మందం ఉండాలో తేల్చడం భీమేశ్వరరావు పని. అది తేలాలంటే ముందు ఆ మంట నుంచి గట్టి వస్తువులోకి ఎంత వేడి దిగుతుందో తెలియాలి కదా. దానికి వాళ్ళు చేసేదేమిటంటే, మంటకెదురుగా ఒక రాగి బిళ్ళ పెడతారు, పాతకాలం రూపాయంత. దాని వెనక సన్నగొట్టంలో చన్నీళ్ళు పారుతుంటాయి. లోపలికి వెళ్ళే నీళ్ళ వేడి ఎంత, బయటికొచ్చే నీళ్ళ వేడి ఎంత అని రాసుకుంటారు. ఆ తేడాని బట్టి లెక్క. రెండేళ్ళుగా ఆ తేడా పదకొండు డిగ్రీలు. ఎప్పుడు కొలిచినా పదకొండే.

మంట వెలిగించే చెయ్యి మాత్రం యెషయాది. బాపట్ల వైపు మనిషి. భార్య సువార్త ఆస్పత్రిలో నర్సు. అతనిది కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా డిసెంబరులోగా భీమేశ్వరరావు బాగా పనిచేస్తున్నాడని కాగితం రాసిస్తే ఇంకో ఏడాది నడుస్తుంది. అలా ఆరేళ్ళు నడిచింది. ముందు నీళ్ళు వదిలేవాడు, గొట్టం మీద అరచెయ్యి పెట్టి పారుదల చూసుకునేవాడు, తర్వాత గ్యాసు, ఆఖరున కరెంటు. ఆర్పేటప్పుడు తిరగేసి, ముందు కరెంటు, తర్వాత గ్యాసు, అన్నిటికన్నా చివర నీళ్ళు. మంట చప్పుడు విని, అద్దం పెట్టుకోకుండానే, "ఇవాళ గ్యాసు కాస్త తక్కువైందండీ" అనేవాడు. చూస్తే నిజంగానే తక్కువయ్యేది.

ఆ లాబులో తెలుగువాళ్ళు వాళ్ళిద్దరే. అందుకని వాళ్ళ మధ్య తెలుగే. "ఏమయ్యా యెషయా, టిఫినయిందా?" అని ఈయన, "అయిందండీ, మీ దయవల్ల రెండు అరిసెలు కూడా అయినాయి" అని అతను. మిగతావాళ్ళు హిందీ వాళ్ళు. ఈ ఇద్దరూ మాట్లాడుకుంటుంటే పరిశోధన చేసే పిల్ల నేహా, "సర్, మా గురించేనా?" అని నవ్వేది.

ఇక మంగళవారం. శుక్రవారం బయటినుంచి పెద్దవాళ్ళ కమిటీ వస్తోంది, రెండేళ్ళ పని చూడ్డానికి. భీమేశ్వరరావు పొద్దుట మీటింగులో ఉన్నాడు. యెషయా ఒక్కడే రీడింగులు తీశాడు. ఆయన మధ్యాహ్నం వచ్చేసరికి వెనకాలే డివిజన్ పెద్ద సుధీంద్ర, నేహా, ఇంకో ఆరేడుగురు ఉన్నారు. రీడింగుల పుస్తకం తెరిచాడు. ఒకటో రీడింగు పదిహేను. రెండోది పద్నాలుగు. మూడోది పన్నెండున్నర.

"ఇదేమిటి?" అన్నాడు సుధీంద్ర భుజం మీంచి తొంగిచూసి, ఇంగ్లీషులో. "శుక్రవారం కమిటీ, ఇవాళ ఒకే మంటకి మూడు అంకెలా?"

భీమేశ్వరరావు మొహం ఎర్రబడింది. పైవాడి ముందు తన పుస్తకం అలా తేలిపోవడం ఎంతటివాడికైనా కష్టమే. యెషయా వైపు తిరిగాడు. నోట్లోంచి వచ్చింది తెలుగు కాదు.

"ఘర్ పే బైఠ్ కే లిఖ్‌తే హో క్యా?" అన్నాడు. ఇంట్లో కూర్చుని రాస్తున్నావా అని. అందరికీ అర్థం కావాలనే హిందీ.

యెషయా చేతిలో గుడ్డ ఉంది. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "లేదండీ," అన్నాడు తెలుగులోనే, మెల్లగా. "పొద్దున పెద్దవాళ్ళొస్తున్నారు కదా అని ఆ బిళ్ళ చింతపండూ ఉప్పూ వేసి తోమానండి. పెనంలా నల్లబడి ఉంటే. దానివల్లేమైనా..."

"క్యా బోల్ రహా హై?" అన్నాడు సుధీంద్ర. ఏమంటున్నాడు అని.

"బిళ్ళ తోమాడట, అందుకని వేడి పెరిగిందట," అన్నాడు భీమేశ్వరరావు హిందీలోనే, నవ్వి. ఆ నవ్వు చూసుకుని తక్కినవాళ్ళు నవ్వడానికి తయారయ్యారు. "యే తుమ్హారే ఘర్ కా బర్తన్ హై క్యా, యెషయా?" మీ ఇంట్లో గిన్నె అనుకున్నావా అని. ఇక అందరూ నవ్వారు. నేహా కూడా. ఆయన జేబులోంచి ఎర్రపెన్ను తీసి ఆ మూడు అంకెల మీదా ఒకే గీత కొట్టాడు, కాగితం చిరిగేంత గట్టిగా.

యెషయా గుడ్డని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పెట్టాడు. "జీ సర్," అన్నాడు. ఆ సాయంత్రమే భీమేశ్వరరావు సుధీంద్రకి కాగితం రాసిచ్చాడు. రీడింగులకి ఈ మనిషి నమ్మదగినవాడు కాదు, కాంట్రాక్టు పొడిగించమని నేను సిఫార్సు చెయ్యను, అని.

బుధవారం యెషయాని స్టోరులో కూర్చోబెట్టారు. పాత సామాన్లకి చీటీలు అంటించే పని. రీడింగులు నేహా తీసింది. మంట వెలిగించడానికి పక్క లాబు నుంచి ఒకతన్ని తెచ్చారు, రెండుసార్లు ఆరిపోయింది, మూడోసారి పట్టింది. అంకెలు వచ్చాయి. పదకొండు, పదకొండు, పదకొండు. "చూశారా," అన్నాడు భీమేశ్వరరావు ఎవరితోనో. ఎవరితో అన్నాడో ఆయనకే తెలియదు, పక్కన నేహా తప్ప ఎవరూ లేరు. భోజనాల వేళ వరండాలో యెషయా ఎదురయ్యాడు.

"టిఫినయిందా యెషయా?" అని ఈయనకి అలవాటుగా వచ్చేసింది.

"జీ సర్. హో గయా," అయిందని హిందీలో చెప్పి, అతను పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

ఆయన నాలుగడుగులు వేశాక ఆగాడట. వెనక్కి తిరగలేదు. చొక్కా కాలరు సర్దుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య అన్నపూర్ణేశ్వరి వంటింట్లో నేల మీద పీట వేసుకుని కూర్చుని ఉంది. ముందు పాత దినపత్రిక, దాని మీద పూజ సామాన్లు. పౌర్ణమి ముందు ఆ సామాన్లు తోమడం ఆవిడకి పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. రాగి చెంబు ఒళ్ళో పెట్టుకుని నానేసిన చింతపండుతో రుద్దుతోంది. సగం చెంబు అయింది. ఆ సగం కొత్త పెళ్ళికూతురి మొహంలా మెరుస్తోంది. రెండో సగం గోధుమరంగు పొరతో చచ్చినట్టుంది.

"కాఫీ పెట్టనా, ఇది పూర్తి చేసి లేవనా?" అంది.

ఆయన గుమ్మంలో నిలబడి ఆ చెంబునే చూస్తున్నాడు.

"ఏమిటండీ అలా చూస్తారు? మీ లాబులో రాగి లేదా?"

ఆ మాటకి ఆయన అక్కడే, గడప మీద కూలబడ్డాడు. ఆఫీసు బూట్లతోనే. అన్నపూర్ణేశ్వరి కంగారుపడి చేతులు కడుక్కోకుండానే లేచింది.

"ఇటివ్వు," అన్నాడు. చెంబు తీసుకుని బొటనవేలితో ఆ మెరిసే సగం మీద రుద్దాడు, తర్వాత పొర పట్టిన సగం మీద. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. "నాకు తెలుసు పూర్ణా," అన్నాడు. "ఇది నాకు తెలుసు. ముప్పై ఏళ్ళ క్రితం చదువుకున్నాను. పోయినేడు నేహాకి నేనే చెప్పాను."

అదేమిటో ఆవిడకి ఆయన చెప్పాడు, ఆవిడ తర్వాత నాకు చెప్పింది. నేను మన భాషలో చెప్తాను విను. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు ఆవిరి చేతికి కొడితే చుర్రుమంటుందే, అంతే వేడి గల వట్టి గాలి కొడితే అంత కాలదు. ఎందుకంటావు? ఆవిరి చల్లటి చేతిని తాకి నీళ్ళైపోతుంది. అలా అయ్యేటప్పుడు తను మోసుకొచ్చిన వేడంతా నీ చేతి మీదే దించేస్తుంది. ఆ మంట కూడా అంతేనట. కాలి కాలి ముక్కలైపోయిన గాలి చల్లటి రాగిని తాకగానే, విడిపోయిన ముక్కలు మళ్ళీ ఒకటవుతాయి. ఒకటయ్యేటప్పుడు ఆ వేడి రాగిలోకి దించుతాయి. రాగి ఒళ్ళు శుభ్రంగా ఉంటే ఆ కలయిక అక్కడే, దాని మీదే జరుగుతుంది. పొర పట్టి ఉంటే సగం ముక్కలు కలవకుండానే జారుకుంటాయి. పొర పట్టిన బిళ్ళ తక్కువ చెప్తుంది. తోమిన బిళ్ళ ఉన్నంతా చెప్తుంది. మంట తగిలేకొద్దీ మళ్ళీ పొర పడుతుంది. అందుకే పదిహేను పద్నాలుగైంది, పద్నాలుగు పన్నెండున్నరైంది.

"అయితే ఆ అబ్బాయి రాసింది నిజమేనా?" అంది అన్నపూర్ణేశ్వరి. మంగళవారం సంగతి ఆయన ఇంటికొచ్చి చెప్పుకున్నాడు, ఇంట్లో గిన్నె అన్న మాటతో సహా, గొప్పగానే.

ఆయన చెంబు కింద పెట్టాడు. "అతను చెప్పబోయాడు. దానివల్లేమైనా అని నోరు తెరిచాడు. అదే మాట సుధీంద్ర అని ఉంటే నేను కాగితం కలం తీసుకునేవాణ్ణి."

ఆవిడ చెంబు మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని మిగిలిన సగం తోమడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటూ ఆయన గడప మీదే కూర్చున్నాడు.

గురువారం పొద్దుట నిమ్మకాయంత చింతపండు ప్లాస్టిక్ కవరులో చుట్టి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. ఆవిడ చూసింది గానీ చూడనట్టు ఊరుకుంది. లాబుకి అందరికన్నా ముందు వెళ్ళి, బిళ్ళ ఊడదీసి, సింకు దగ్గర నిలబడి తోమాడు. ఎప్పుడూ చెయ్యని పని, చింతపండు పీచు గోళ్ళలో ఇరుక్కుంది. నీళ్ళతో కడిగి, స్పిరిటు గుడ్డతో తుడిచి, బిగించాడు. నేహా వచ్చాక ఇద్దరూ కలిసి మంట వెలిగించారు. ఆ పిల్ల నీళ్ళ వేడి చూసి, "సర్, ఫిఫ్టీన్!" అని అరిచింది. మళ్ళీ కొలిస్తే పద్నాలుగు. మళ్ళీ కొలిస్తే పన్నెండున్నర. ఎర్రగీత కింద ఉన్న అంకెలే, అదే వరసలో.

నేహా మొహం పాలిపోయింది. "సర్, యే తో ఆప్ నే హీ పఢాయా థా," అంది. ఇది మీరే కదా చెప్పారు అని. తర్వాత తలుపు వైపు చూసి, "యెషయా భయ్యాని పిలుచుకురానా?"

"వద్దు," అన్నాడు. "పుస్తకంలో ఇంకా ఏమీ రాయకు."

చూడమ్మా, ఇక్కడ కథ దాచి చెప్పొచ్చు, కానీ దాచను. మంగళవారం చేసింది కోపంలో చేశాడనుకుందాం. గురువారం అన్నది మాత్రం ఆలోచించి అన్నాడు. రెండేళ్ళ రిపోర్టులు ఆయన సంతకంతో వెళ్ళాయి, అన్నిట్లోనూ పదకొండే. ఇప్పుడు పదిహేను అంటే ఆ పెంకుల మందం లెక్కలన్నీ తప్పు. రేపు కమిటీ. ఈ ఒక్కరోజు గడిస్తే, తర్వాత మెల్లగా, ఎవరికీ తెలియకుండా సరిచేసుకోవచ్చనుకున్నాడు. యెషయా కాగితం కూడా వెనక్కి తీసుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు ఆయన తర్వాత చాలా ఏళ్ళు తలొంచుకున్నాడు. మంగళవారానికన్నా గురువారానికే ఎక్కువ.

సాయంత్రం ఆటో ఎక్కి కటవారియా సరాయ్ వెళ్ళాడు. ఆరేళ్ళలో మొదటిసారి. సందులో రెండు పక్కలా పరీక్షలకి చదివే పిల్లల అద్దెగదులు, జిరాక్సు కొట్లు, టిఫిను డబ్బాల సైకిళ్ళు. మూడో అంతస్తులో రెండు గదుల్లో యెషయా కుటుంబం. సువార్త డ్యూటీకి బయల్దేరబోతూ తెల్లకోటు చేతి మీద వేసుకుని నిలబడింది. ఈయన్ని చూసి కోటు కుర్చీ మీద పెట్టి, "రండి సార్, కూర్చోండి," అని స్టవ్వు వెలిగించింది. కూతురు ఫెయిత్ పుస్తకాలు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. తలుపు మాత్రం మూయలేదు. కిటికీ గట్టున ఒక రాగి గ్లాసు ఉంది. దానిలో మొహం చూసుకోవచ్చు.

యెషయా మంచం చివర కూర్చున్నాడు.

"యెషయా, నువ్వు రాసిన అంకెలు కరెక్టు," అన్నాడు భీమేశ్వరరావు. "ఇవాళ నేనే తోమి చూశాను. తప్పు నాదే. ఆ కాగితం రేపే వెనక్కి తీసేసుకుంటాను. నీ కాంట్రాక్టుకి ఢోకా లేదు. నువ్వేం మనసులో పెట్టుకోకు."

యెషయా నేల వైపు చూస్తూ విన్నాడు. స్టవ్వు మీద టీ పొంగొచ్చింది, సువార్త మంట తగ్గించింది.

"హిందీ మే బోలియే, సర్," అన్నాడు యెషయా. హిందీలో చెప్పండి అని.

ఆయనకి అర్థం కాలేదు. "ఏమిటి?"

"ఆప్ నే హిందీ మే కహా థా." మీరు హిందీలోనే కదా అన్నారు. గొంతు పెంచలేదు. టిఫినయిందా అంటే అయిందన్నంత మామూలుగా అన్నాడు.

భీమేశ్వరరావు సువార్త వైపు చూశాడు. ఆవిడ టీ వడపోస్తూ, ఇటు తిరక్కుండానే అంది. "తెలుగులో అయితే మేం ముగ్గురమే వింటాం సార్. ఆ రోజు నవ్వినవాళ్ళు వినరు కదా. మంగళవారం నుంచి ఈయన ఇంట్లో కూడా సరిగా మాట్లాడటం లేదు. నిన్న మా ఫెయిత్ అడిగింది, నాన్నా, నువ్వు ఇంట్లో కూర్చుని రాస్తావా అని. పక్క లాబు వాళ్ళ అబ్బాయి దాని క్లాసే. అక్కడిదాకా వెళ్ళింది మాట." టీ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "తాగండి, చల్లారిపోద్ది."

ఆ టీ ఆయన తాగాడు. తాగకపోతే ఇంకా తప్పుగా ఉండేది. వేడి టీ, నాలుక కాలింది, ఆపకుండా తాగాడు. లేచి వెళ్ళబోతుంటే లోపలి గది గుమ్మంలో ఫెయిత్ నిలబడి ఉంది, పన్నెండేళ్ళ పిల్ల. దాని మొహం వైపు చూడలేక చెప్పుల వైపు చూస్తూ మెట్లు దిగాడు.

శుక్రవారం కమిటీ వచ్చింది. ముగ్గురు పెద్దలు. అందరికన్నా పెద్దాయన రాజగోపాల్ అని అరవాయన, చెవిలో మిషను. లాబులో అందరూ గోడవారగా నిలబడ్డారు. మంట వెలిగించడానికి మనిషి కావాలి కాబట్టి సుధీంద్రే స్టోరు నుంచి యెషయాని పిలిపించాడు. అతను వచ్చి తన చోట నిలబడి నీళ్ళు వదిలి, గొట్టం మీద అరచెయ్యి పెట్టాడు.

"ప్రొసీడ్," అన్నాడు సుధీంద్ర.

భీమేశ్వరరావు చేతిలో ఇంగ్లీషు కాగితాలున్నాయి. వాటిని బల్ల మీద బోర్లించాడు. "ఏక్ మినిట్," అన్నాడు. దగ్గి మళ్ళీ మొదలుపెట్టాడు. అంతా హిందీలోనే చెప్పాడు. ఆయన హిందీ అంత బాగుండదు, ఆడామగా తేడాలు తప్పేవాడు. ఆ రోజు ఇంకా తప్పాడు. ఎవరూ నవ్వలేదు.

"మంగళవారం ఇక్కడే, మీ అందరి ముందే, ఇంట్లో కూర్చుని రాస్తున్నావా అని యెషయాని అడిగాను. అది మీ ఇంట్లో గిన్నె అనుకున్నావా అని కూడా అడిగాను. మీరు నవ్వారు, నేను నవ్వించాను కాబట్టి. ఆయన రాసిన మూడు అంకెలూ నిజం. నా రెండేళ్ళ అంకెలు తక్కువ. ఈ సంగతి నాకు నిన్న పొద్దున్నే తెలుసు. నిన్నే చెప్పాల్సింది, దాచాను."

సుధీంద్ర ఒక అడుగు ముందుకేసి, "రావుగారూ, ఇది తర్వాత..." అన్నాడు ఇంగ్లీషులో.

ఆయన వినలేదు. నీళ్ళు కట్టేసి, బిళ్ళ ఊడదీసి, జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. కమిటీ పెద్దాయన మెడ ముందుకు చాచి, "యే క్యా హై?" అన్నాడు, ఇదేమిటని.

"ఇమ్లీ, సర్," అన్నాడు భీమేశ్వరరావు. చింతపండు. "ఘర్ కా బర్తన్ హీ హై, సర్. ఇంట్లో గిన్నెలాగే దీన్ని రోజూ తోమాలి. యెషయాకి తెలుసు. నాకూ తెలుసు. ఆయన చేశాడు, నేను చెయ్యలేదు."

అందరూ చూస్తుండగా సింకు దగ్గర నిలబడి తోమాడు. చాలాసేపే పట్టింది. కడిగి, తుడిచి, బిళ్ళ యెషయా చేతికిచ్చాడు. యెషయా దాన్ని వెలుతురుకి పట్టి చూసి, అంచున మిగిలిన చిన్న మచ్చ తన గుడ్డతో తీసి, బిగించాడు. నీళ్ళు. గ్యాసు. కరెంటు. బుస్సుమంది మంట. నేహా గట్టిగా చదివింది, పదిహేను అని.

కమిటీ పెద్దాయన చెవి మిషను సర్దుకుని అడిగాడు. "అయితే ఆ రెండేళ్ళ రిపోర్టులు?"

"మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి సర్," అన్నాడు భీమేశ్వరరావు.

ఆ ఏడు రావలసిన ప్రమోషన్ ఆయనకి రాలేదు. యెషయా మీద రాసిన కాగితం చించెయ్యనివ్వలేదు, దాని కిందే ఇంకో కాగితం రాసి తప్పు నాదని, అతని కాంట్రాక్టు పొడిగించమని సంతకం పెట్టాడు. రీడింగుల పుస్తకంలో ఆ పేజీ కూడా అలాగే ఉంచాడు. ఎర్రగీత పక్కనే ఆ మూడు అంకెలూ మళ్ళీ తన చేత్తో రాసి, వాటి పక్కన యెషయా పేరు రాశాడు.

అవన్నీ తర్వాత. ఆ శుక్రవారం కమిటీ వెళ్ళిపోయింది, సుధీంద్ర తలుపు గట్టిగా వేసుకుని వెళ్ళిపోయాడు, గోడవారగా ఉన్నవాళ్ళంతా ఒక్కొక్కరే జారుకున్నారు. కరెంటు ఆగింది. గ్యాసు ఆగింది. భీమేశ్వరరావు చేతులు చూసుకుంటూ బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు, గోళ్ళ నిండా చింతపండు. రాగి బిళ్ళ వెనక నీళ్ళు పారుతూనే ఉన్నాయి. యెషయా గొట్టం మీద చెయ్యి పెట్టి, అది చల్లబడేదాకా ఆగాడు.

"నీళ్ళు ఆపెయ్యమంటారా అండీ?" అన్నాడు.

తెలుగులో. నాలుగో రోజున.

ఆయన తలూపాడు.

అదమ్మా సంగతి. ఇది నువ్వు గుర్తుపెట్టుకోవాలి. రేపు నీ పిల్లలకో, నీ దగ్గర పనిచేసేవాళ్ళకో చెప్పు. చెప్పేటప్పుడు శుక్రవారం ఒక్కటే చెప్పి, ఆయన ఎంత గొప్పవాడో అనిపించకు. గురువారం కూడా చెప్పు. మంగళవారం అన్న ఆ రెండు మాటలూ, ఆయన ఎంత గట్టిగా అన్నాడో అంత గట్టిగానే చెప్పు.